పదహారు మంది వారసులు, ఒక వీలునామా: ‘ద వెస్టింగ్ గేమ్’ పిల్లల మిస్టరీగా ఎందుకు నిలిచింది

పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసం మిస్టరీ నవల రాయడం పెద్దవాళ్ల డిటెక్టివ్ నవల రాయడం కంటే కష్టం. ఆ వయసు పిల్లలు చిక్కుముడిని చిక్కుముడిగానే కోరుకుంటారు. తప్పిపోయిన కుక్కపిల్లను వెతికి తెచ్చే కథలు వాళ్లకు అప్పటికే చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తాయి. అలాగని పెద్దల క్రైమ్ నవలల్లోని నెత్తురు, క్రూరత్వం వాళ్ల చేతికి ఇవ్వలేం. పోలీసులు, లాయర్లు, జడ్జీలు ఉన్న లోకంలో ఓ పదమూడేళ్ల పిల్ల అందరికంటే ముందు జవాబు కనిపెట్టిందంటే నమ్మేలా ఉండాలి. చాలామంది రచయితలు ఇక్కడే దగ్గరి దారి పడతారు. పెద్దవాళ్లందరినీ తెలివితక్కువ వాళ్లుగా చూపించేస్తే పిల్ల తెలివైనదిగా కనిపిస్తుంది. చదివే పిల్లలకు మాత్రం ఆ మోసం తెలిసిపోతుంది.

ఆ దగ్గరి దారి పట్టని నవల ఎలెన్ రాస్కిన్ రాసిన ‘ద వెస్టింగ్ గేమ్’. 1978లో వచ్చింది. అమెరికాలో పిల్లల సాహిత్యానికి ఇచ్చే అతి పెద్ద గౌరవం న్యూబెరీ పతకం 1979లో దీనికే దక్కింది. అక్కడి మిడిల్ స్కూళ్లలో, అంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో, ఈనాటికీ పాఠంగా చెబుతున్నారు. అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లలకు కూడా ఏదో ఒక తరగతిలో ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లు కూడా పక్కన కూర్చుని చదవదగ్గ పుస్తకం. చివరి గుట్టు ఇక్కడ విప్పితే చదవబోయే వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది కాబట్టి, దాన్ని వదిలేసి మిగతా నిర్మాణం ఎలా పనిచేస్తుందో చూద్దాం.

కథ విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున జరుగుతుంది. రాస్కిన్ పుట్టింది ఆ ఒడ్డునే ఉన్న మిల్వాకీలో, 1928లో. సరస్సు పక్కన అద్దాలతో మెరిసే ఐదంతస్తుల కొత్త అపార్ట్‌మెంట్, పేరు సన్‌సెట్ టవర్స్. ఎవరెవరు అందులో అద్దెకుండాలో ఎవరో ముందే నిర్ణయించి, ఏరికోరి ఉత్తరాలు పంపుతారు. అక్కడికి కనిపించే దూరంలో గుట్ట మీద ఒక పాత భవంతి ఉంది. అది కాగితపు పరిశ్రమతో కోట్లు గడించిన శామ్ వెస్టింగ్‌ది. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న ఆ ఇంటి పొగగొట్టం నుంచి ఒకరోజు పొగ వస్తుంది. హాలోవీన్ రాత్రి టర్టిల్ వెక్స్‌లర్ అనే పదమూడేళ్ల పిల్ల, ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నిమిషానికి రెండు డాలర్లు అని పందెం కాసి లోపలికి వెళ్తుంది. మంచం మీద శామ్ వెస్టింగ్ శవం కనబడి కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుతుంది.

తర్వాత వీలునామా చదువుతారు. వారసులు పదహారు మంది, దాదాపు అందరూ ఆ అపార్ట్‌మెంట్ వాళ్లే. తన ప్రాణం తీసింది మీలో ఒకరే, అది ఎవరో కనిపెట్టండి అంటుంది వీలునామా. గెలిచినవాళ్లకు 20 కోట్ల డాలర్ల ఆస్తి. పదహారు మందినీ ఎనిమిది జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు 10 వేల డాలర్ల చెక్కు, కొన్ని మాటలు రాసిన కాగితపు ముక్కలు ఇస్తారు. ఏ రెండు జంటలకూ ఒకే మాటలు రావు.

ఇంతవరకు చూస్తే సరదా ఆటలాగే ఉంటుంది. పుస్తకం అసలు బలం తెలియాలంటే మొదటి పేజీకి వెళ్లాలి. సూర్యుడు పడమట అస్తమిస్తాడని అందరికీ తెలుసు, కానీ సన్‌సెట్ టవర్స్ తూర్పు ముఖంగా ఉంది అని మొదలవుతుంది కథ. పైగా దానికి టవర్లే లేవు. ఆ తర్వాత కొద్ది వాక్యాల్లోనే రచయిత్రి ఇంకో మాట చెబుతుంది: ఉత్తరాలు పంచిన డెలివరీ బాయ్ వయసు అరవై రెండేళ్లు, ఉత్తరాల కింద సంతకం చేసిన బార్నీ నార్త్‌రప్ అనే మనిషే లేడు. ఇదేదో చివర్లో బయటపెట్టాల్సిన రహస్యం కదా, మొదటే ఎందుకు చెప్పినట్టు? చెప్పేసినా పాఠకుడు పట్టించుకోడన్న ధీమాతో. ఆ ధీమా వమ్ము కాలేదు. ఒక పేజీ తిప్పేసరికి ఇల్లు చూపించే హడావిడిలో పడి ఆ వాక్యాన్ని మర్చిపోతాం. కావలసిందంతా కళ్ల ముందే పెట్టి, చూపును మాత్రం పక్కకు మళ్లించడం రాస్కిన్ పద్ధతి.

చందమామ బేతాళ కథలు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. బేతాళుడు కథంతా చెప్పి ప్రశ్న వేసేసరికి, జవాబుకు కావలసిన సంగతులన్నీ కథలో వచ్చేసే ఉంటాయి. విక్రమార్కుడు నోరు తెరవకముందే మనమే చెప్పాలని ఎంతమంది పిల్లలు పేజీ తిప్పకుండా ఆగి ఉంటారో! మిస్టరీలో న్యాయం అంటే అదే. చివరి అధ్యాయంలో ఎక్కడి నుంచో కొత్త మనిషిని తీసుకొచ్చి హంతకుడు ఇతనే అనడం మోసం. ‘ద వెస్టింగ్ గేమ్’లో అలాంటి మోసం ఒక్కటీ లేదు. రెండోసారి చదివినప్పుడే ఆ సంగతి పూర్తిగా తెలుస్తుంది. ఏ పేరూ ఊరికే పెట్టింది కాదు, ఏ కుంటినడకా ఊరికే రాసింది కాదు. క్రిస్ అనే కుర్రాడు కిటికీలోంచి వెస్టింగ్ భవంతి వైపు కుంటుతూ వెళ్తున్న మనిషిని చూస్తాడు. ఇంకేముంది, ఆ మనిషి దొరికాడనుకుంటాం. తర్వాత పేజీల్లో చూస్తే ఒకరి తర్వాత ఒకరు కుంటుతూనే ఉంటారు! అనుమానం ఎవరి మీద పెట్టుకోవాలో తోచదు.

క్లూల దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే నవలంతా నడిచేది వాటి మీదే. టర్టిల్‌కు, ఆమె జంటగా వచ్చిన దర్జీ పని చేసే ఫ్లోరా బౌంబాక్‌కు దక్కిన ముక్కల మీద సముద్రం, పర్వతం అనే అర్థాలిచ్చే రెండు ఇంగ్లీషు మాటలు, ఇంకా రెండు చిన్న మాటలు ఉంటాయి. టర్టిల్‌కు షేర్ మార్కెట్ అంటే పిచ్చి. ఆ అక్షరాలు ఆమెకు కంపెనీల షేర్ల గుర్తుల్లా కనిపిస్తాయి. వెంటనే 10 వేల డాలర్లూ మార్కెట్లో పెట్టేస్తుంది. సైన్సు తెలిసిన థియో తన ముక్కలను అటూ ఇటూ మార్చి రసాయన ఫార్ములా తయారు చేస్తాడు, అది పేలుడు పదార్థానిదని హడలిపోతాడు. క్రిస్‌కు ధాన్యం అనే మాట వస్తే, అది ఓట్స్ కదా, ఓటిస్ అనే మనిషి గురించే అయి ఉంటుందని అనుకుంటాడు. ఎవరి బుర్రలో ఏది నిండి ఉందో వాళ్లకు అదే కనిపిస్తుంది. తప్పు జవాబులే అయినా, ప్రతి తప్పు జవాబూ ఆ మనిషి ఎలాంటివాడో చెప్పేస్తుంది. పాత్రను వర్ణించడానికి పేజీలు ఖర్చు పెట్టకుండా, ఒక పజిల్ ఇచ్చి దాన్ని ఎలా తప్పు చేస్తారో చూపించడం ఎంత పొదుపైన పద్ధతో!

అన్ని ముక్కలూ ఒకచోట చేరిస్తే ఒక పాట వస్తుందని నవల మధ్యలోకి వచ్చేసరికి పిల్లలు కొందరు పసిగడతారు. అది అమెరికాలో బడిపిల్లలందరికీ నోటికి వచ్చే ‘అమెరికా ద బ్యూటిఫుల్’. కేథరిన్ లీ బేట్స్ 1893లో రాసిన కవిత అది. రాస్కిన్ ఈ నవల మొదలుపెట్టింది 1976లో, ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుని రెండు వందల ఏళ్లయిన సందర్భంగా ఊరూరా ఉత్సవాలు జరుగుతున్న ఏడాదిలో. నవల నిండా బాణసంచా, అమెరికాకు గుర్తుగా గీసే అంకుల్ శామ్ అనే ముసలాయన వేషం, ఆ దేశ స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగో తేదీ కనిపించేది అందుకే. అదే ఏడాది ఏప్రిల్‌లో కుబేరుడు హోవర్డ్ హ్యూస్ చనిపోయాడు. పిల్లలు లేని ఆయన ఆస్తి కోసం రకరకాల వీలునామాలు పుట్టుకొచ్చి కోర్టులకెక్కాయి. దేశమంతా వార్తల్లో చదువుతున్న ఆ రెండు సంగతులూ రాస్కిన్ చేతిలో ఒక్కటైపోయాయి.

పాట కనిపెట్టగానే ఆట అయిపోదు. ‘మీ దగ్గర ఏముందన్నది ముఖ్యం కాదు, ఏం లేదన్నదే ముఖ్యం’ అని వీలునామా ముందే హెచ్చరించింది. అది చదివేటప్పుడు పెద్దాయన చెప్పే నీతివాక్యంలా వినిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకున్నవాళ్లకే మొదటి జవాబు దొరుకుతుంది. మొదటి జవాబు అన్నది కావాలనే. ఈ నవలలో ఒక జవాబు కింద ఇంకో జవాబు ఉంటుంది. పైపొర దగ్గర పదిహేను మంది ఆగిపోతారు. ఇంకా అడుగుకు వెళ్లేది ఒక్కరే. ఆ ఒక్కరూ మిగతావాళ్ల కంటే తెలివైనవాళ్లు కావడం వల్ల గెలవరు. అందరూ వేసుకున్న ప్రశ్నే తప్పని గుర్తించడం వల్ల గెలుస్తారు. పన్నెండేళ్ల పాఠకుడికి ఈ తేడా చూపించగలిగిన మిస్టరీలు చాలా తక్కువ.

నవలలో ఎవరూ పైకి కనిపించేట్టు ఉండరు. క్లూల విషయంలో జరిగిన పొరపాటే మనుషుల విషయంలోనూ జరుగుతుంది. టర్టిల్ తల్లి గ్రేస్‌కు అందగత్తె అయిన పెద్ద కూతురు ఏంజెలా ఉంటే చాలు, జడ ముట్టుకుంటే కాలితో తన్నే చిన్న కూతురు ఎప్పుడూ చిరాకే. ఏంజెలాకు త్వరలో ఒక యువ డాక్టరుతో పెళ్లి. అందరూ ఆమెను బొమ్మలా చూస్తారు, ఆమెకేం కావాలో ఒక్కరూ అడగరు. చైనా కుటుంబానికి చెందిన మేడమ్ హూకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమెకు ఏమీ తెలియదనుకుంటారు. సిడెల్ పులాస్కీ అనే సెక్రటరీని ఎవరూ పట్టించుకోరు. అందుకని లేని జబ్బు తెచ్చుకుని, బట్టలకు సరిపోయేలా ఊతకర్రలకు రంగులు వేసుకుని తిరుగుతుంది. నవ్వొచ్చే మనిషే. కానీ వీలునామా చదువుతున్నప్పుడు మొత్తం షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నది ఆమె ఒక్కతే. అది కూడా పోలిష్ భాషలో. ఒక్కరోజులో అందరికీ ఆమెతో పని పడుతుంది. ఆమె నోట్‌బుక్కును ఎవరో దొంగిలిస్తారు, దొంగిలించినా చదవలేరు.

ఆ అపార్ట్‌మెంట్‌లో పందేలు కట్టించుకునే ఒక బుకీ, ఒక దొంగ, ఒక బాంబులు పెట్టే మనిషి ఉన్నారనీ, ఇంకొకరికి పొరపాటున ఇల్లు అద్దెకిచ్చారనీ రచయిత్రి మొదటి అధ్యాయంలోనే చెబుతుంది. బాంబులు నిజంగానే పేలతాయి, మనుషులకు గాయాలవుతాయి. కానీ ఆ బాంబులు ఎందుకు పెట్టారో తెలిసినప్పుడు కోపం రాదు, జాలి వేస్తుంది. నోరు విప్పి వద్దని చెప్పలేని మనిషి చేసిన పని అది. దానికి శిక్ష ఎలా పడిందో, ఎవరు ఎవరి తప్పును నెత్తిన వేసుకున్నారో నవలలోనే చదవాలి. పుస్తకం మొత్తంలో అంత గాఢమైన ఘట్టం ఇంకొకటి లేదు. 

జడ్జి జోసీ-జో ఫోర్డ్ పాత్ర కూడా అంత బలంగానే ఉంటుంది. ఆమె నల్లజాతి మహిళ. ఆమె తల్లి వెస్టింగ్ ఇంట్లో పనిచేసింది. చిన్నప్పుడు వెస్టింగ్ ఆమెతో చదరంగం ఆడేవాడు, ఎప్పుడూ ఓడించేవాడు, ఎగతాళి చేసేవాడు. తర్వాత ఆమె చదువుకు డబ్బు కట్టింది కూడా ఆయనే. సాయం చేసినవాడి మీద కోపం ఉండడం, ఆ సాయం బాకీలా మెడకు చుట్టుకోవడం ఎలా ఉంటుందో పిల్లల పుస్తకాల్లో ఇంత నిజాయితీగా కనిపించడం అరుదు. మన ఇళ్లలోనూ ‘నిన్ను చదివించింది నేను’ అన్న మాట వినని వాళ్లు తక్కువ. అందరూ హంతకుడి కోసం వెతుకుతుంటే జడ్జి మాత్రం వారసులు ఒక్కొక్కరి పూర్వాపరాలు తవ్వి రాసుకుంటుంది. ఆ నోట్సు పాఠకుడికి కూడా పనికొస్తుంది. అంతమంది పాత్రల మధ్య తికమకపడేవాళ్లకు రచయిత్రి దారిలో పెట్టిన ఆసరా అది.

తికమక మాత్రం నిజమే. ఈ నవలలో లోపం ఏదైనా ఉందంటే మొదటి యాభై పేజీలే. పదహారు మంది వారసుల్ని వరసగా దించేస్తుంది. ఒక పేజీలోనే కథ ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి దూకుతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే పుస్తకం పక్కన పడేస్తారు. అమెరికన్ పేర్లకు అలవాటు లేని మన పిల్లలకైతే ఇంకా కష్టం. దీనికి మందు తేలికే. ఒక కాగితం మీద ఐదంతస్తులు గీసి, ఏ అంతస్తులో ఎవరున్నారో, ఎవరికి ఎవరు జంటగా వచ్చారో, ఏ మాటలు దక్కాయో రాసుకుంటూ పోతే పదో అధ్యాయానికల్లా పేర్లు మనుషులైపోతాయి. తరగతిలో చదివించే టీచర్లు ఇంకో పని చేయవచ్చు. పిల్లల్ని ఎనిమిది జంటలుగా చేసి, ఒక్కో జంటకు ఆ జంట క్లూలే ఇచ్చి, మిగతావి తర్వాతి వారం దాకా చూపించకపోతే చాలు, తరగతి దానంతటదే కదులుతుంది.

పెద్దలు ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నవలలో శవం ఉంది, బాంబులు ఉన్నాయి, పందేలు ఉన్నాయి, తాగుడు గురించి ఉంది. నెత్తుటి వర్ణన, అసభ్యత లేవు. పదేళ్లు దాటిన పిల్లలు నిశ్చింతగా చదవవచ్చు. అయితే 1978 నాటి పుస్తకం కాబట్టి వైకల్యం గురించి వాడిన కొన్ని మాటలు ఈనాడు మొరటుగా తోస్తాయి. నరాల జబ్బుతో చక్రాల కుర్చీలో ఉండే క్రిస్ విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. కానీ ఆ అబ్బాయిని రచయిత్రి ఎప్పుడూ జాలికి వదిలేయలేదు. పక్షుల్ని పరిశీలించే అతని కళ్లు అందరికంటే ఎక్కువ చూస్తాయి. అతన్ని చూసి మొదట ఇబ్బందిపడే యువ డాక్టరు నెమ్మదిగా ఎలా మారతాడో గమనించమని పిల్లలకు చెప్పాలి. అలాగే చైనా కుటుంబం గురించి, నల్లజాతి జడ్జి గురించి కొన్ని పాత్రల నోట వచ్చే మాటలు ఆ పాత్రల చిన్నబుద్ధిని బయటపెట్టడానికే. చిన్న పిల్లలకు ఆ తేడా వాళ్లంతట వాళ్లకే తట్టకపోవచ్చు, కూర్చుని మాట్లాడాలి.

తెలుగులో డిటెక్టివ్ నవలలకు పెద్ద చరిత్రే ఉంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం ఒకప్పుడు పాఠకులు ఎదురుచూసేవారు. అవి పెద్దల నవలలే, పిల్లలు చాటుగా చదివినవి. పిల్లల పత్రికలు జానపదాలకు, నీతికథలకు ఇచ్చినంత చోటు పిల్లలే చిక్కు విప్పే నవలలకు ఇవ్వలేదు. పదకొండేళ్లు దాటిన తెలుగు పిల్లలు మిస్టరీ కోసం ఇంగ్లీషు పుస్తకాల వైపు వెళ్లడానికి ఇదొక కారణం. మన అపార్ట్‌మెంట్లలో కథలకు కరువా? వాచ్‌మన్ కుటుంబం, పెంట్‌హౌస్ యజమాని, అద్దెకొచ్చిన ఐటీ ఉద్యోగి, అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేస్తే తప్ప మాట్లాడే మనిషి లేని పెద్దాయన, అందరూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతూ ఒకరి గురించి ఒకరు ఏమీ తెలియకుండా బతికేస్తుంటారు. రాస్కిన్ సన్‌సెట్ టవర్స్‌లో చేసింది అలాంటి మనుషుల్ని రెండేసి చొప్పున కూర్చోబెట్టడమే.

రాస్కిన్ మొదట బొమ్మలు వేసే మనిషి. వెయ్యికి పైగా పుస్తకాలకు అట్టలు తయారుచేశారు. అందుకే ఆమె నవలల్లో అక్షరాలు, కాగితం, పేజీ మీద మాటలు పడే తీరు కూడా కథలో భాగమవుతాయి. ఈ నవలలో క్లూలు కాగితపు ముక్కల మీద రావడం, వెస్టింగ్ కాగితపు వ్యాపారి కావడం అనుకోకుండా జరిగినవి కావు. ఆమె 1984లో, యాభై ఆరేళ్లకే చనిపోయారు. ఈ నవల రాతప్రతులను ముందే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రానికి ఇచ్చేశారు, వాటి గురించి తన గొంతుతో వివరణ కూడా రికార్డు చేసి ఇచ్చారు. ఆ కేంద్రం వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. కొట్టివేతలు, మార్పులు, పక్కన రాసుకున్న గుర్తులు చూస్తే, అంత పకడ్బందీగా కనిపించే చిక్కుముడి ఎన్ని తిరగరాతల తర్వాత బిగిసిందో తెలుస్తుంది. రాయాలని సరదా ఉన్న పిల్లలకు నవల పూర్తయ్యాక చూపించాల్సింది ఇదే.

చిక్కు విడిపోయాక కూడా నవల వెంటనే ఆగదు. చివరి అధ్యాయాల్లో ఏళ్లు గడిచిపోతాయి. వారసులు ఒక్కొక్కరూ ఏమయ్యారో, ఎవరి హోటల్ నిలదొక్కుకుందో, ఎవరు మళ్లీ కాలేజీకి వెళ్లారో చెబుతుంది. హంతకుడెవరో తెలిసిపోయాక ఇదంతా ఎందుకని విసుక్కునే పిల్లలు ఉంటారు. మరికొందరికి ఈ భాగమే బాగా నచ్చుతుంది. పదహారు మందీ ఆటలోకి వచ్చినప్పుడు ఎలా ఉన్నారో గుర్తుపెట్టుకుని చదివితే, 20 కోట్ల డాలర్లు దక్కని పదిహేను మందిలో ఎవరెవరికి ఏం దక్కిందో అక్కడే కనిపిస్తుంది.